దిగుడుబావి బాణీ

దిగుడుబావి బాణీ సుందర్‌రాజ్ కట్టింది కాదనీ, చాంద్ మియా పెళ్లి బ్యాండు నుంచి ఎత్తుకొచ్చిందనీ ఆ వేసవిలో ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను దాకా తెలియనివారు లేరు. బట్టల కొట్ల గుమాస్తాలకు తెలుసు. టాంగావాళ్లకు తెలుసు. సుందర్‌రాజ్‌ను ఒక్కసారైనా చూడనివాళ్లకు మరీ బాగా తెలుసు. "విన్నాం" అనవలసిన చోట "తెలుసు" అనడం మనుషులకు కొత్త అలవాటేమీ కాదు. అయితే ఈ వదంతికి మాత్రం ఒక బలం ఉంది. దీన్ని నమ్మడానికి ఎవరి మాటా నమ్మనక్కరలేదు, చెవులుంటే చాలు. చలికాలమంతా పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు ఆ బాణీ వాయించింది. ఎండలు ముదిరాక తెర మీద అదే బాణీ వినిపించింది. ముందు వచ్చింది అసలు, వెనక వచ్చింది నకలు. ఇంతకంటే సాఫీ లెక్క ఏముంటుంది?

అది 1944. ఆబిడ్స్ పెద్ద రోడ్డు వెనక గల్లీలో ఒక మేడ మీద వామన్‌రావు నడిపే ఛాయాదీప్ కంపెనీ ఉండేది. ఆయన కథల సినిమాల జోలికి పోలేదు. టీకాలు, వంతెనలు, విత్తనాలు మొదలైన వాటి మీద ఒక రీలు, రెండు రీళ్ల సమాచార చిత్రాలు తీసేవాడు. ఆ ఏడాది తీసింది నారిపురుగు మీద. జిల్లాల్లో జనం దిగుడుబావుల మెట్ల మీద కాళ్లు నీళ్లలో ముంచి కుండలు నింపుకుంటారు. కాలి పుండులోని పురుగు నీళ్లలో పిల్లలు పెడుతుంది. ఆ నీళ్లు తాగినవాడి కాలి నుంచి మరుసటి ఏడాదికి మూరెడు పురుగు బయటికి వస్తుంది. ఇది దేవుడి శాపం కాదనీ, నీళ్లు గుడ్డతో వడపోసుకుంటే చాలుననీ చెప్పడం ఆ చిత్రం పని.

ఆ చిత్రానికి సంగీతం సుందర్‌రాజ్‌ది. ఆయన సికింద్రాబాదు క్రైస్తవుల ఇంటి బిడ్డ. మూగ సినిమాల కాలంలో తెర కింద చీకట్లో కూర్చుని, పైన హీరోయిను ఏడిస్తే తన ఫిడేలుతో ఏడ్చి, గుర్రాలు పరుగెత్తితే పరుగెత్తి, అందులోనే జుట్టు నెరిపించుకున్నాడు. మాట్లాడే సినిమాలు వచ్చాక హాలు యజమానులకు ఆయనతో పని లేకపోయింది. కొన్నేళ్లు చర్చిలో కీర్తనలు నేర్పుతూ గడిపాడు. వామన్‌రావు పిలిచి పని ఇచ్చిన తర్వాత కూడా మొదటి చిత్రాలకు దొరికిన గ్రామఫోను రికార్డుల ముక్కలు ఏరి అతికించడమే చేశాడు. అందుకే పేర్లు వేసే పలక మీద ఆయన పేరు ముందు "సంగీత సేకరణ" అని ఉండేది. నారిపురుగు చిత్రానికి మాత్రం మొదటి నుంచి చివరి దాకా ప్రతి స్వరమూ తానే కట్టాడు. ఈసారి పలక మీద "సంగీతం: సుందర్‌రాజ్" అని రాస్తానని వామన్‌రావు మాట ఇచ్చాడు. తెర కింద బతికినవాడి పేరు తెర మీదికి రావడానికి అదొక్కటే దారి.

చిత్రాన్ని ముందుగా కొంతమందికి చూపించిన రోజున ఆ దారి మూసుకుపోయింది.

నాంపల్లిలో ఒక హాలును పొద్దుటి పూట కిరాయికి తీసుకున్నారు. చిత్రానికి డబ్బు పెట్టిన సర్కారు వైద్య శాఖ తరఫున ఒక అధికారి, కొందరు డాక్టర్లు, బళ్ల పంతుళ్లు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు కూర్చున్నారు. తెర మీద ఒక ఆడమనిషి నెత్తి మీద కుండతో బావి మెట్లు దిగుతున్నది. ఫిడేలు ఆమె అడుగుతో పాటు ఒక్కో స్వరం కిందికి దిగుతున్నది. ఆమె కాలు నీళ్లకు తగిలే క్షణానికి బాణీ అడుగు తీగె మీదికి చేరి, చూసేవాడికి ఏదో కీడు తోచాలి. సుందర్‌రాజ్ దాన్ని అలా కట్టాడు.

వెనక బెంచీల నుంచి ఒక గొంతు లేచింది.

"అరె జరుగున్రి జరుగున్రి, బారాత్ వచ్చింది!"

హాలంతా గొల్లుమంది. ఇంకెవడో ఈల వేశాడు. "పెండ్లికొడుకు ఏడి? బాయిల పడ్డడా?" అన్నాడు మరొకడు. తెర మీది మనిషి పాపం రోగం తెచ్చుకోవడానికి దిగుతూనే ఉంది. అధికారి నవ్వలేదు. వామన్‌రావు చెవిలో మెల్లగా ఒక ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న సుందర్‌రాజ్‌కు వినపడలేదు. వామన్‌రావు తన వైపు తిరిగి చూసిన చూపు మాత్రం కనపడింది.

మరునాడు కంపెనీ గదిలో వామన్‌రావు తలుపు దగ్గరికి వేశాడు. మంచివాడు, చదువుకున్నవాడు, తొందరపడి మాట తూలనివాడు.

"సుందర్‌రాజ్ సాబ్, నేను మిమ్మల్ని దొంగ అంటలేను."

"అంటలేను అని మొదలువెట్టిన్రంటే అన్నట్లే గద, రావ్ సాబ్."

"గట్ల తీసుకోకున్రి. పేర్ల పలక శనివారం రాయాలె. 'సంగీతం' అని రాయాల్నా, 'సంగీత సేకరణ' అని రాయాల్నా? మీరే చెప్పున్రి. రేపు ఎవడన్న అడిగితె నేను జవాబు చెప్పుకోవాలె."

"పోయిన వానకాలంల గీ గదిల్నే కట్టిన, సాబ్. యుద్ధం మూలంగ ముడి ఫిల్ము దొర్కక రికార్డింగు ఎండకాలం దాక ఆగింది. గంతే. బ్యాండోళ్లు ఎట్ల పట్టుకున్నరో నాకు తెల్వది."

ప్రొజెక్టరు నడిపే వెంకటేశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఉండబట్టలేక నోరు తెరిచాడు.

"నా కండ్ల ముందట కట్టిన్రు సాబ్. నేను రీలు తిప్పుడు, ఆయన వాయించుడు. దేవుని మీద ఆన."

"నువ్వు ఆయన వాయించుడు చూసినవ్ రా. ఆయన తలకాయలకు ఎక్కడికెల్లి వచ్చిందో చూసినవా?"

అది అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. ఎవరి తల విషయంలోనైనా ఎవరూ జవాబు చెప్పలేని ప్రశ్న.

సుందర్‌రాజ్ మెట్లు దిగుతూనే తన అనుమానాన్ని ఒక మనిషి మీద పెట్టేశాడు. క్లారినెట్ వాయించే సదాశివ. చలికాలం పెళ్లిళ్లలో ఎర్రకోటు తొడుక్కుని చాంద్ మియా బ్యాండులో వాయిస్తాడు, మిగతా రోజుల్లో కంపెనీ పనికి వస్తాడు. రెండు చోట్లా కాలు పెట్టినవాడు అతనొక్కడే. పైగా ఒక సంగతి గుర్తుకొచ్చింది. శివరాత్రి రోజుల్లో రిహార్సలు మొదలుపెట్టి ఈ బాణీ చెప్పబోతే, సదాశివ రెండోసారి అడగకుండా, ఒక్క చోట ఆగి తిట్టు తినడం తప్ప, గడగడా వాయించేశాడు. ఆ రోజు సుందర్‌రాజ్ మురిసిపోయి "నీ చెవి బంగారం" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండింది.

నాంపల్లిలో సదాశివ ఇంటి అరుగు మీద, అతను క్లారినెట్ నోటి పుల్లను బ్లేడుతో సన్నగా గీకుతున్నాడు.

"రా అన్నా, కూసో."

"కూసునుడు తర్వాత. బాణీని చాంద్ మియాకు మోసింది నువ్వే గద?"

సదాశివ బ్లేడు ఆపాడు. కోపం రాలేదు. అదే సుందర్‌రాజ్‌కు మరింత అనుమానం కలిగించింది.

"అన్నా, గా బాణీ నేను బ్యాండుల నేర్చుకున్నది కార్తీకంల. మీరు నాకు చెప్పింది శివరాత్రికి. ముందుగాల గాడ, ఎన్కనించి గీడ. మోసినోడు ఎవరో మీరే లెక్క కట్టున్రి."

"అంటే?"

"అంటే ఏం లేదు. మీరు పెద్దోళ్లు. నేను గిప్పటి దాక నోరు తెరిచిన్నా?"

"అంటే నువ్వు గూడ నేను ఎత్తుకొచ్చిన్ననే అనుకున్నవ్!"

"అనుకుంటే ఏమైంది అన్నా? అందరు ఎత్తుకొస్తరు. మా బ్యాండుల ఏ పాట మాది చెప్పు? మంచిగ ఎత్తుకొచ్చిండు మా అన్న అనుకున్న. సినిమాల పెట్టంగనే దానికి ఎంత ఇజ్జత్ వచ్చింది!"

తిట్టినా బాగుండేదనిపించింది సుందర్‌రాజ్‌కు. దొంగవని వాదించేవాణ్ని ఎదుర్కోవచ్చు. దొంగవైనా ఫరవాలేదులే అని ప్రేమగా సర్దుకున్నవాణ్ని ఏం చేయాలి? చెప్పులు తొడుక్కుని తిరిగి చూడకుండా వచ్చేశాడు.

ఇంట్లో భార్య మాబెల్ బడి పిల్లల పలకలు తుడుస్తున్నది. మిషను బడిలో టీచరు. జరిగిందంతా విన్నది. భర్తను సమర్థిస్తూ వెంటనే ఒక మాట అనివుంటే ఆయన ఆ రాత్రి నిద్రపోయేవాడు. ఆమె అనలేదు.

"మీరు ఎక్కడన్న ఇని మర్చిపోయిన్రేమో?"

"ఏందే నువ్వు గూడ!"

"కోపం జేసుకోకున్రి. మా బళ్లె పిల్లలకు సొంతంగ కథ చెప్పుమంటే, నిన్న నేను చెప్పిన కథనే చెప్తరు. అబద్ధమాడుడు గాదు. నిజంగనే వాళ్లే పుట్టించిన్రని ఒట్లు పెడ్తరు." ఆమె పలక పక్కన పెట్టింది. "పోయిన క్రిస్మస్‌కు మీరు కట్టిన పాట ఉన్నది గద. అది మా నాయిన పొద్దుగాల గడ్డం గీసుకుంట పాడుకునే పాట. మీరు మా ఇంటికి వచ్చినప్పుడు ఇన్నరు. నేను చెప్పలె."

"ఎందుకు చెప్పలె?"

"మస్తు సంబురంగ ఉన్నరు మీరు."

సుందర్‌రాజ్ ఫిడేలు పెట్టె తెరవకుండానే ఆ సాయంత్రం గడిపాడు. అంతవరకు ఊరు ఆయన్ని అనుమానించింది, ఆయన సదాశివను అనుమానించాడు. ఇప్పుడు అనుమానం ఇంట్లోకి వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. పుట్టించడానికీ గుర్తు తెచ్చుకోవడానికీ లోపల తేడా ఎలా తెలుస్తుంది? రెండూ ఒకేలా వస్తాయి, పిలవకుండా. బాణీ తనదని ఆయన అనుకున్నాడే గాని, తనదని ఆయనకు తెలియదు. ఆ సంగతి ఒప్పుకోవలసి రావడం దొంగ అనిపించుకోవడం కంటే కష్టంగా తోచింది. ఊరి సంగతి అటుంచి, ముందు తనకోసం తేల్చుకోవాలి.

పెళ్లిళ్లు ఇంకా పూర్తిగా అయిపోలేదు. రెండు రోజుల తర్వాత పొద్దుగూకే వేళ నాంపల్లి బజారులో చాంద్ మియా బ్యాండు ఎదురైంది. సుందర్‌రాజ్ ఒక కొట్టు అరుగెక్కి నిలబడి, తన బాణీని బయటివాడిలా విన్నాడు. నడక రెట్టింపైంది. ఫిడేలు కన్నీరు కార్చిన చోట బాకాలు బుగ్గలు పూరించి నవ్వాయి. అయినా అదే బాణీ, సందేహం లేదు. అయితే ఒక చోట, మెట్లన్నీ దిగి కాలు నీటికి తగలబోయే చోట, బ్యాండు టక్కున ఆగింది. పెద్ద డోలు మూడు దెబ్బలు కొట్టింది. ఆ సందులో పెళ్లివారు అత్తరు బుడ్లు, పన్నీరు చెంబులు ఎత్తి జనం మీద చల్లారు. తర్వాత బ్యాండు ఆగిన చోటు నుంచి కాక, సగం ముక్క వెనక్కి పోయి అక్కడ అందుకుని ముందుకు సాగింది. ప్రతి తడవా అదే తంతు.

విడిది దగ్గర బ్యాండు విశ్రాంతి తీసుకునే సమయానికి సుందర్‌రాజ్ చాంద్ మియాను పట్టుకున్నాడు. మీసాలకు రంగు వేసుకున్న పెద్దమనిషి. మెడలో బాకా, చేతిలో చాయ్.

"ఆయియే మాస్టర్ సాబ్! గా బాణీ గురించే గద? ఫికర్ చెయ్యకున్రి, నాకేం కోపం లేదు. మీరు గూడ వాడుకున్రి."

"గది మీకు ఎక్కడిది, మియా సాబ్?"

"పురానా చీజ్. మా ఉస్తాద్ జమానాది."

"ఏ ఉస్తాద్?"

"ఏ ఉస్తాద్ అంటే… ఉస్తాదే." చాంద్ మియా చాయ్ ఊదుకున్నాడు. కొత్త బాణీ అంటే పెళ్లివారు బేరమాడతారనీ, పాతదంటే నోరెత్తరనీ ప్రతి బ్యాండు మాస్టరుకూ తెలుసు.

"మరి మధ్యల ఎందుకు ఆపుతరు?"

"అరె, గదే దాని జాన్! మా పోరగాండ్లు ఏది మర్చినా గది మర్వరు. ఆపకుంటె గది బాణీయే గాదు."

"ఎవరు నేర్పిన్రు అట్ల ఆపుమని?"

"నేర్పుడేంది? బాణీయే గట్లుంది. పోయిన ముసురు పట్టినప్పుడు మేమంత రామచందర్ కాడ కూసొని సాధన జేసినం. అప్పటిసంది గిట్లనే."

ఉస్తాద్ జమానా ఒక్క మాటలో పోయిన వానాకాలానికి వచ్చి చేరింది. చాంద్ మియా ఆ సంగతి గమనించలేదు.

"ఏ రామచందర్?"

"కంచరోడు. మీ కంపెనీ ఎన్క గల్లీల్నే గద, పెండ్లిళ్లకు ముందు బాకాల సొట్టలు తీయిస్తం."

మరునాడు పొద్దున్నే సుందర్‌రాజ్ కంపెనీ వెనక గల్లీలో ఉన్నాడు. రామచందర్ కొట్టు చాలా చిన్నది. కొలిమి, సుత్తెలు, గోడకు వేలాడే ఇత్తడి బాకాలు. మేడ మీద కంపెనీ వారి ప్రొజెక్టరు గది కిటికీ సరిగ్గా ఆ కొట్టు నెత్తిన ఉంది. రామచందర్ సుత్తె దించి చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది సారూ? జర గట్టిగ చెప్పు!"

"పోయిన వానకాలంల బ్యాండోళ్లు గీడ కూసున్నరా?"

"ఔ. కూసున్నరు. సొట్ట తీసినంక ఊది చూస్కోవద్దా?"

"ఏం ఊదిన్రు?"

"నాకేం ఎర్క?" రామచందర్ పై కిటికీ వైపు చూపించాడు. "అప్పుడు మీ కంపెనీకెల్లి ఒకాయన దిగొచ్చిండు. 'పైన సంగీతం కడుతున్రు, జర సుత్తె ఆపున్రి' అన్నడు. మంచిది అని ఆపిన. రోజూ పగటీలి ఆపుడే. సుత్తె ఆపితె వీళ్లకేం పని? కూసొని పైకెల్లి వచ్చింది ఇన్నరు."

"ఏ బాణీ విన్నరో చెప్పగలవా?"

"ముప్పై ఏండ్ల సంది సుత్తె కొడుతున్న సారూ, నాకు నా పెండ్లామే ఇనపడది. వాళ్ల తలకాయలు ఊగుడు చూసిన. గంతే."

సుందర్‌రాజ్ తల ఎత్తి చూశాడు. కిటికీ నిండా నల్ల గుడ్డ వేలాడుతున్నది. గాలికి పొంగి మళ్లీ చట్రానికి అతుక్కుంటున్నది. గుడ్డ వెనక రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. ప్రొజెక్టరు దీపం వేడికి గది మూసి కూర్చోవడం ఎవరి వల్లా కాదు. చిత్రాల పనివాళ్లకు గది మూసి ఉండడమంటే వెలుగు రాకపోవడమే. చీకటి అమరగానే నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉన్నామని నమ్ముతారు. ఆ చీకట్లో కూర్చుని, కింది చప్పుడు భరించలేక మనిషిని పంపి సుత్తె ఆపించింది సుందర్‌రాజే. లోపలికి వచ్చే శబ్దం గురించి అంత పట్టుబట్టినవాడికి బయటికి పోయే శబ్దం సంగతి తోచనే లేదు. తన శ్రోతలకు నిశ్శబ్దం కూడా తానే ఏర్పాటు చేసి పెట్టాడు.

ఉప్పొంగిపోతూ మేడ మీదికి పరుగెత్తి వామన్‌రావుకు చెప్పాడు. వామన్‌రావు ఓపికగా విన్నాడు.

"మంచిగనే ఉంది. కాని సాబ్, కిటికీకి ఇటు, అటు అని ఉండదు. పైకెల్లి కిందికి పోయిందని మీరు అంటున్నరు. బ్యాండోళ్లు గాడ కూసొని ఊదుతున్నరంటే కిందికెల్లి పైకి గూడ వచ్చి ఉండొచ్చు. మీకు తెల్వకుండనే చెవుల పడి ఉండొచ్చు."

మాబెల్ అడిగిన ప్రశ్నే మరో తలుపు గుండా వచ్చి నిలబడింది. సుందర్‌రాజ్ ఆ మాటలో తప్పు పట్టలేకపోయాడు. కిటికీ తెరిచి ఉందన్న రుజువు ఇద్దరికీ సమానంగా పనికి వస్తుంది. అంటే ఎవరికీ పనికి రాదన్నమాట.

"ఒక పని చెయ్యున్రి," అన్నాడు వామన్‌రావు, గొంతు తగ్గించి. "గా ఒక్క సీనుకు ఇంకో బాణీ కట్టున్రి. సౌండు ఫిల్ము ఒక ముక్క మిగిలింది, సరిపోతది. అప్పుడు 'సంగీతం' అనే రాయిస్త. లేకుంటె పాతది ఉంచి 'సేకరణ' అని రాయాలె."

కొత్తది కడితే పాతది తనది కాదని ఒప్పుకున్నట్టే. కట్టకపోతే పలక మీద అదే రాస్తారు. శనివారానికి ఒక్క రోజు మిగిలింది. సుందర్‌రాజ్ సరేనన్నాడు.

శుక్రవారం పగలు ప్రొజెక్టరు గదిలో కిటికీ మీదికి నల్ల గుడ్డ దించారు. పూర్తయిన చిత్రం ప్రతి బొంబాయి లాబరేటరీకి తిరిగి పోయింది గనుక, వెంకటేశం కూర్పు కోసం ముక్కలు అతికించుకున్న పాత పని ప్రతిని ప్రొజెక్టరుకు ఎక్కించాడు. సుందర్‌రాజ్ బాణీ కట్టింది ఆ ప్రతి చూస్తూనే. వామన్‌రావు ఒక కుర్చీలో కూర్చున్నాడు. కొత్త బాణీ నేర్చుకోవడానికి సదాశివను కూడా పిలిపించారు. అతను మూల బల్ల మీద క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు. సుందర్‌రాజ్ అతన్ని పలకరించలేదు గాని, మాట్లాడకుండానూ ఉండలేకపోయాడు.

"పుల్ల తడిపినవా?"

"తడిపిన అన్నా."

"ముందుగాల పాతది ఒక్కసారి వాయిస్త. ఎక్కడిసంది ఎక్కడి దాక నింపాల్నో చూసుకోవాలె."

వెంకటేశం రీలు తిప్పాడు. ఆడమనిషి మెట్లు దిగసాగింది. ఫిడేలు ఆమె వెంట దిగింది. ఇదే ఆఖరిసారి అనుకున్నాడేమో, సుందర్‌రాజ్ కమాను ఎన్నడూ లేనంత నెమ్మదిగా నడిచింది. ఒక మెట్టు, మరో మెట్టు. పాదం పైకి లేచింది, నీళ్ల మీదికి వంగింది.

టప్‌మని తెర తెల్లబడిపోయింది. కమాను గాలిలో ఆగింది.

"దీని ఇల్లు గూల, మల్ల గీడనే!" అన్నాడు వెంకటేశం దీపం ఆపుతూ. "పోయిన వానకాలమంత గిదే లొల్లి సాబ్. ముసురుకు అతుకు ఆరకపోయేది. రోజూ గీ మెట్టు కాడికి రాంగనే ఊడేది. దసరా అయినంక గట్టిగ అతికిస్తె ఊకున్నది. ఇప్పుడు ఎండకు ఎండి మల్ల పలిగినట్లుంది."

అతను తడుముతూ ఫిల్మును వెనక్కి లాగి రెండు కొసలూ కలుపుతున్నాడు. అంతలో మూల నుంచి చెక్క నేల మీద కాలు తాటించిన చప్పుడు వచ్చింది. ధం. ధం. ధం. సదాశివ తన కాలి వైపు తానే వింతగా చూసుకున్నాడు. చలికాలమంతా ఎర్రకోటులో నడిచిన కాలు అది. ఎవరి అనుమతీ అడగలేదు.

వెంకటేశం రీలు మళ్లీ తిప్పాడు. ఫిల్మును కొంత వెనక్కి లాగాడు గనుక ఆడమనిషి రెండు మెట్లు పైనుంచి మళ్లీ దిగింది. సుందర్‌రాజ్ చెయ్యి కూడా ఆలోచించకుండా, వానాకాలంలో రోజూ చేసినట్టే, సగం ముక్క వెనక్కి పోయి అందుకుని ముందుకు సాగింది.

"అన్నా, ఆపు!" సదాశివ లేచి నిలబడ్డాడు. "గీడనే! మేము ఆపేది గీడనే! గీడనే పన్నీరు చల్లేది. మల్ల సగం ముక్క ఎన్కకు పోయి అందుకునేది గూడ గిట్లనే!"

ప్రొజెక్టరు ఆగింది. వామన్‌రావు చీకట్లో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సదాశివా, శివరాత్రికి సాబ్ నీకు చెప్పిన బాణీల గీ ఆగుడు ఉండెనా?"

"లేకుండె సాబ్. నేను అలవాటు కొద్ది ఆపితె, 'ఎందుకు ఆగినవ్ రా' అని తిట్టిండు గూడ."

"రికార్డు చేసిన దాంట్ల?"

"లేదు," అన్నాడు సుందర్‌రాజ్. "ఎందుకుంటది? గాడ ఆగితె సీనే చెడిపోతది."

వామన్‌రావు వేళ్లతో మోకాలు కొట్టుకుంటూ లెక్క కట్టాడు. కింది నుంచి వచ్చిన బాణీని పైన ఎవరైనా విని కాజేసి ఉంటే, ఆ వినడం ఫిల్ము అతుకును ఊడదీయలేదు. పైనుంచి పోయిన బాణీని కింద విని నేర్చుకున్నవాళ్లు మాత్రం, అసలు ఏదో అడ్డంకి ఏదో తెలియక, రెండింటినీ కలిపే నేర్చుకుంటారు. ఊరేగింపులో అంతసేపు ఊరుకోలేక ఆ ఖాళీలో డోలు దెబ్బలు వేసుకుంటారు. ఆయన లేచి వెళ్లి నల్ల గుడ్డను పక్కకు లాగాడు. ఎండ పడింది. కింద రామచందర్ సుత్తె చప్పుడు నేరుగా గదిలోకి వచ్చింది.

"వెంకటేశం, పలక రాసే ఆయన్ను రేపు పొద్దుగాలనే రమ్మను. కొత్త బాణీ వద్దు."

"ఏం రాయమనాలె సాబ్?"

"సంగీతం."

సదాశివ ఏదో అనబోయాడు. సుందర్‌రాజ్ అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కి, అననివ్వలేదు. ఇద్దరూ కలిసి ఆ పాత ప్రతిని వెలుగులో పట్టుకుని చూశారు. ఆడమనిషి పాదం నీళ్లకు తగలబోయే బొమ్మ దగ్గర అతుకు జిగురు ఎండి, అంచులు విడిపోయి ఉన్నాయి.

చాంద్ మియా బ్యాండు ఆగే ఆ చోట సుందర్‌రాజ్ కట్టిన బాణీలో విరామం లేదు. అది కట్టిన వానాకాలమంతా రోజూ ఫిల్ము తెగింది అక్కడే.